లాక్ పడ్డ చప్పుడు

రాణిగంజ్‌లో ఆ రోజు కురిసిన వాన మామూలు వాన కాదు. బోల్టుల దుకాణం ముందు గొడుగేసుకుని నిలబడ్డ మనిషి, గొడుగుతో సహా తేలుతూ పోయి గొలుసుల దుకాణం ముందు ఒడ్డెక్కాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వానలో తడిసి ముద్దయి, చెవుల్లోంచి కూడా నీళ్లు కారుతుండగా హరికిషన్ ఒక పనిముట్ల షాపులో అడుగు పెట్టాడు.

కౌంటర్ వెనకాల ఒక అమ్మాయి హైడ్రాలిక్ జాక్‌ని పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని దాని మూతి తుడుస్తోంది.

"బైక్ లిఫ్ట్ కావాలె," అన్నాడు హరికిషన్. "అన్నిట్ల పెద్దది."

"ముందు ఆ మూలకు జరగండి. మీ నీళ్లు నా బేరింగుల మీద పడుతున్నయ్," అంది ఆ అమ్మాయి తలెత్తకుండానే.

జరిగాడు.

"ఏం బండి?"

"బుల్లెట్. పాతది. మా నాయినది."

"బరువు?"

"బుల్లెట్ అని చెప్పిన గదా."

"అది పేరు. నేను బరువు అడిగిన."

"బాగనే ఉంటది."

"నేల?"

"ఉన్నది."

అప్పుడు తలెత్తింది ఆ అమ్మాయి. ఎత్తకుండా ఉంటే బాగుండేదని హరికిషన్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ చూపు తగిలాక బండి బరువు సంగతి అటుంచి, సొంత పేరు గుర్తు తెచ్చుకోవడానికే కాసేపు తడుముకున్నాడు.

"నేల ఉన్నదని నాకెర్కే. లేకుంటే మీరు ఏడ నిలవడ్తరు? ఎట్లున్నది అని అడుగుతున్న. టైల్సా, సిమెంటా? సాపుగున్నదా, వాలున్నదా? పైన కప్పు ఎంత ఎత్తు?"

"మేడం, నేను లిఫ్ట్ కొననీకి వచ్చిన. ఇల్లు అమ్మనీకి రాలే."

వెనక స్టూలు మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటున్న పెద్దావిడ కిసుక్కున నవ్వింది. ఆవిడ కాంతమణి, ఆ అమ్మాయి తల్లి. అమ్మాయి పేరు కల్పలత. తండ్రి పోయాక తల్లీకూతుళ్లే షాపు నడుపుతున్నారు.

హరికిషన్ పౌరుషంగా అటూ ఇటూ చూసి, మూలన ఎర్రరంగులో చిన్నగా ముద్దుగా ఉన్న కత్తెర లిఫ్ట్ మీద చెయ్యి వేశాడు. "పోనీ గిది ఇయ్యుండ్రి."

"అది ఇయ్య."

"ఎందుకియ్యరు?"

"అది బండి కడుపుకింద పెట్టి లేపేది. పాత బుల్లెట్‌కు కింద ఫ్రేమ్ కడ్డీలు ఉండవు, ఇంజనే కిందికి ఉంటది. బండి మొత్తం తీస్కపోయి మీ నాయిన ఇంజన్ మీద నిలవెడ్తరా? మీకు కావాల్సింది టేబుల్ లిఫ్ట్. బండి రెండు చక్రాలతోని పలక మీదికెక్కాలె. ముందు చక్రాన్ని పట్టుకునే బిగింపుండాలె. నాలుగు దిక్కుల బెల్టులు కట్టనీకి కొక్కేలుండాలె. బండి బరువుకు డబల్ మోసే తాకత్ ఉండాలె. పైకి లేపినంక ఇనుప లాక్ పడాలె. గసుంటిది నా దగ్గరున్నది. కానీ ఇయ్యాల ఇయ్య."

"కస్టమర్‌ను గిట్ల వాపస్ పంపుతరా?"

"మా నాయిన షాపు పెట్టినకాన్నుంచి ఈడికెల్లి పోయిన లిఫ్ట్ మీదికెల్లి ఒక్క బండి సుత కింద వడలే. మీది మొదటిది కావద్దు."

ఆ మాట అంటున్నప్పుడు కల్పలత మెడ ఎంత నిటారుగా లేచిందంటే, షాపులో ఉన్న లిఫ్టులన్నీ సిగ్గుపడి ఒక మెట్టు కిందికి దిగాయి.

హరికిషన్‌కి కోపం రావాలి. రాలేదు. దాని బదులు నిజం బయటికొచ్చింది.

"మా నాయిన మిలిటరీల బండ్లు బాగుచేస్తుండె. రిటైరైనంక ప్రతి ఆదివారం కింద కూసొని ఈ బుల్లెట్‌ను విప్పుడు, మళ్ల బిగిచ్చుడు. ఇప్పుడు మోకాళ్లు పోయినయ్. కూసుంటే లేవలేడు. ఎవరన్న పట్టుకొని లేపితే ఆయనకు నామోషీ. గందుకే బండినే అమ్ముతా అంటుండు. ఆ బండి గేటు దాటితే ఆయనల సగం మనిషి దాటిపోతడు. ఆయన వంగలేడు గదా, బండినే ఆయన దగ్గరికి లేపుదమనుకున్న."

బయట వాన కూడా ఒక్క క్షణం ఆగి విన్నట్టుంది. కల్పలత ఒళ్లోని జాక్‌ని మెల్లగా కింద పెట్టింది.

"గీ ముచ్చట ముందే చెప్పొచ్చు గదా."

"మీరు బరువు అడిగిన్రు. బాధ అడగలే."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. "ఆదివారం నేనే వస్త. మీ ఇంటి నేల చూస్త. అప్పుడు చెప్త."

"ఆడపిల్ల పోయి పిల్లగాని ఇల్లు చూసుడు ఏందే?" అంది కాంతమణి పొత్తు పక్కన పెట్టి.

"నేల చూడనీకమ్మా!"

"అదే అంటున్న బిడ్డా. మొదట్ల అందరు తల వంచుకొని నేలనే చూస్తరు."

*

సైనిక్‌పురిలో ఓంప్రకాశ్ బుల్లెట్ అంటే తెలియనివాళ్లు లేరు. అది స్టార్టయితే పక్క వీధిలో పొయ్యి మీద పెట్టని పాలు కూడా పొంగేవి. కాప్రా చెరువులో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు ఉలిక్కిపడి రెండో కాలికి మారేవి. ఈ మధ్య ఆ బండి గోనెసంచి కింద పడుకుని ఉంటోంది. కొంగలకు కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి.

ఇంట్లో ముగ్గురే. ఓంప్రకాశ్, ఆయన తల్లి లచ్చమ్మ, కొడుకు హరికిషన్. తల్లి లేని హరికిషన్‌ని పెంచింది లచ్చమ్మే. "ఆదివారం ఒకమ్మాయి వస్తది నానమ్మా" అని మనవడు అనడమే ఆలస్యం, ముసలమ్మ సోఫాకి కొత్త దుప్పటి కప్పింది, సర్వపిండి చేసింది, గోడవతలి వాళ్లకి చాటింపు వేసింది. పక్కింటివాళ్లు మొక్కలకి నీళ్లు పోస్తున్నట్టు నటించీ నటించీ, వాళ్ల గులాబీలకు జలుబు చేసింది.

కల్పలత స్కూటీ దిగింది. చేతిలో పళ్లూ పూలూ లేవు. నేల వాలు చూసే ఒక నీటిమట్టం, ఒక గాజు గోలీ ఉన్నాయి.

"వంటొచ్చా బిడ్డా?" అంది లచ్చమ్మ, పైనుంచి కిందికి చూస్తూ.

"పోర్చ్ ఎటున్నది అవ్వా?" అంది కల్పలత.

పోర్చ్‌లో టైల్స్ మీద గోలీ పెట్టి వదిలింది. గోలీ ఎవరో పిలిచినట్టు దొర్లుకుంటూ వెళ్లి, గేటు సందులోంచి దూరి, వీధిలో పడి, కాప్రా దారి పట్టింది.

"ఏందది?" వరండాలో కుర్చీలోంచి గొంతు వినిపించింది. ఓంప్రకాశ్ మోకాళ్లు రిటైరయ్యాయి కానీ మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"నేల వాలున్నది సార్."

"వాన నీళ్లు నిల్వద్దని నేనే వాలు పెట్టిచ్చిన."

"నీళ్లు నిల్వద్దు సార్. లిఫ్ట్ నిల్వాలె."

"లిఫ్టా? ఎవనికి? నాకా?" మీసం లేచింది. "నా బండి లేపనీకి నాకు మిషన్ గావాలెనా? లద్దాఖ్‌ల మంచుల కూరుకపోయిన బండిని ఒక్క చేత్తోని పైకి లాగిన నేను!"

"పోయినసారి రెండు చేతులంటివి కదరా," అంది లచ్చమ్మ.

"అమ్మా, నువ్వూకో! ఇను పిల్లా. దసరా తెల్లారి ఒకాయన వస్తడు. బండి తీస్కపోతడు. మాటైపోయింది. నా మీద జాలిపడి ఎవ్వరు ఏం తేవద్దు." కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పళ్ల బిగువున లేచి, ఎవరి సాయమూ తీసుకోకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ లేవడం చూస్తూ కల్పలత నవ్వలేదు.

"సారీ అండి," అన్నాడు హరికిషన్.

"సారీ ఎందుకు? పానం పెట్టుకోని బండి మీద ఎవ్వరికి గంత కోపం రాదు. ఆ మూలకున్న గది ఏంది?"

"గ్యారేజ్. కారు కొంటే పెడదమని కట్టిచ్చిండు. కారు రాలే, పాత సామాన్లొచ్చినయ్."

సాయంత్రం దాకా ఇద్దరూ ఆ సామాన్లు మోశారు. తుప్పుపట్టిన కూలర్లు, ట్రంకుపెట్టెలు, ఒక మూల చెదలు తిన్న క్యారంబోర్డు. అంతా ఊడ్చాక గట్టి సిమెంటు నేల బయటపడింది. కల్పలత ఇంకో గోలీ తీసి మధ్యలో పెట్టింది. ఇద్దరూ గొంతుక్కూర్చుని, తలలు దగ్గరపెట్టి, ఊపిరి బిగబట్టి చూశారు.

గోలీ కదల్లేదు. హరికిషన్ కూడా కదల్లేదు.

"నేల పాసైంది," అంది ఆమె.

"నేను?"

"మీకింక టెస్టు షురూ కాలే."

వెళ్లేముందు ఇంకో కొలత తీసుకుంది. ఓంప్రకాశ్ లోపల స్టూలు మీద కూర్చుని కోపంగా చాయ్ తాగుతుంటే, కిటికీలోంచి ఆయన మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూసుకుంది. పలక పైకి లేచినప్పుడు ఇంజను ఆయన చేతికి అందాలి, అదీ లెక్క. ఆ అమ్మాయి తన కొడుకుని అంత శ్రద్ధగా ఎందుకు చూస్తోందో అర్థంకాక లచ్చమ్మ మరో సర్వపిండి ఆమె చేతిలో పెట్టింది.

*

ఆ తర్వాత రోజూ ఫోన్లే. విషయం లిఫ్ట్. ఒక లిఫ్ట్ గురించి అన్ని మాటలుంటాయని దాన్ని కనిపెట్టినవాడికి కూడా తెలిసుండదు. "మీరు" ఎప్పుడు జారిపోయి "నువ్వు" అయిందో ఇద్దరిలో ఎవరూ గమనించనట్టు నటించారు.

ఓంప్రకాశ్ అటు తొంగి చూడకపోయినా, లిఫ్ట్ గ్యారేజ్‌లోకి వచ్చింది. కల్పలత వెంటనే బండి ఎక్కించనివ్వలేదు. ముందు ఖాళీగా లేపించింది. తర్వాత సిమెంటు బస్తాలు ఎక్కించి లేపించింది, దింపించింది.

"ఒకరు పెడల్ కాడ, ఒకరు అవతల. ఒక్కనివే లేపద్దు. బండిని సైడ్ స్టాండ్ మీద ఉంచి లేపద్దు, నిటారుగ నిలవెట్టి బెల్టులు కట్టాలె. పైకొచ్చినంక ఒట్టి నూనె బలం మీద ఇడ్సిపెట్టద్దు, లాక్ పడాలె. లాక్ పడకముందు పలక కింద చెయ్యి పెట్టినవంటే..."

"పెడ్తే?"

"నీ నంబర్ బ్లాక్ చేస్త."

"నేను పద్మారావు నగర్ బ్యాంకుల లాకర్ల సెక్షన్ చూస్త తల్లీ. తాళం ముచ్చట నాకే చెప్తున్నవా?"

ఇలాంటి మాటలు అన్నవాళ్లని దసరా ఊరికే వదలదు.

*

దసరా పొద్దున లచ్చమ్మ స్నానం చేసి, పసుపు, కుంకుమ, బంతిపూల బుట్ట పట్టుకుని గ్యారేజ్‌లోకి దిగింది. పనిచేసే వస్తువు ఏదైనా ఆ రోజు పూజ అందుకోవాల్సిందే. బుల్లెట్ హ్యాండిల్‌కి దండ వేసింది. లిఫ్ట్ పలకకి బొట్లు పెట్టింది. పెడల్‌కి దండ, బెల్టు కొక్కేలకి దండ, కిందికి వంగి అక్కడేదో ఇనుప కడ్డీ కనిపిస్తే పాపం దాన్నెందుకు వదలాలని దానికీ ఒక దండ చుట్టింది. చక్రం ముందు నిమ్మకాయ పెట్టింది. చూపు ఆనని ముసలమ్మ చేసిన పూజ కదా, లిఫ్ట్ పెళ్లికొడుకులా తయారైంది.

ఆకుపచ్చ పట్టుచీరలో వచ్చిన కల్పలత గుమ్మంలోనే ఆగిపోయింది.

"అవ్వా, జెర ఈ దండలన్ని తీద్దమా?"

"దసరా నాడు పూజ దండ తీస్తరా బిడ్డా?" అంది లచ్చమ్మ. ఆ ముఖంలో అంత నొప్పి కనబడితే ఎవరు మాత్రం ఏమనగలరు? కల్పలత బతిమాలి పెడల్ మీదిదీ, కొక్కేలవీ తీయించి గోడకి తగిలించింది. ఇంకేమైనా ఉన్నాయేమోనని కింద వంగి చూడాల్సింది. చూడలేదు.

ఓంప్రకాశ్ పెరట్లో వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు. పేపర్ పట్టుకున్నాడు కానీ పేజీ తిప్పడం లేదు. రేపు బండి తీసుకుపోయే మనిషి వస్తాడు. ఇవాళ ఈ పిల్లల ఆట ఎందుకని గొణిగాడు.

ఇద్దరూ కలిసి బండిని పలక మీదికి నెట్టారు. ముందు చక్రం బిగించారు. నాలుగు బెల్టులు లాగి కట్టారు. బండిని ఊపి చూశారు, బెసకలేదు. కల్పలత అవతలికి వెళ్లి నిలబడింది. హరికిషన్ పెడల్ తొక్కాడు. బంతిపూల దండతో బుల్లెట్ ఉత్సవ విగ్రహంలా మెల్లమెల్లగా పైకి లేచింది.

"చాలు. లాక్ వెయ్యి."

హరికిషన్ మీట లాగి పలకను కాస్త దించాడు. "పడ్డది."

పడిందనే అతను నమ్మాడు. కాకపోతే చూపు లాక్ మీద లేదు. పలక అవతలి ఆకుపచ్చ చీర మీద ఉంది. ఆ చీరలోని చూపు కూడా బెల్టుల మీద ఉండాల్సింది, కొంచెం దారి తప్పి ఇటే ఉంది.

"అయ్యో, నిమ్మకాయ కిందికి దొర్లిందిరా," అంది లచ్చమ్మ. "తియ్ బిడ్డా, తొక్కద్దు."

హరికిషన్ వంగాడు. పలక కిందికి చెయ్యి చాచాడు.

"హరీ! చెయ్ తియ్!"

ఆ కేక పరేడ్ మైదానంలో పుట్టిన కేక. అది విని సైనిక్‌పురిలో రిటైరైన వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ అటెన్షన్‌లో నిలబడ్డారు. ఒకాయన ఒంటి మీద సబ్బు నురగతోనే నిలబడ్డాడని వాళ్లావిడ చెప్పింది.

హరికిషన్ చెయ్యి వెనక్కి వచ్చేసింది. గ్యారేజ్ గుమ్మంలో ఓంప్రకాశ్. ఆ మోకాళ్లతో అంత తొందరగా ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు.

"చప్పుడు రాలే," అన్నాడు.

"ఏం చప్పుడు నాయినా?"

"ఇనుము మీద ఇనుము పడితే టక్కుమనాలె. మెత్తగ పడ్డది. కింద ఏదో ఉన్నది."

కల్పలత దూరం నుంచే వంగి చూసింది. లాక్ కడ్డీ గాడిలో కూర్చోలేదు. బంతిపూల దండ నలిగి గాడిలో ఇరుక్కుంది, కడ్డీ పూల మీద ఆనుకుని ఉంది. పూలు ఎంతసేపు మోస్తాయి?

ఆమె లేచి ఓంప్రకాశ్ వైపు తిరిగింది.

"తప్పు నాది సార్," అంది. తల వంచలేదు. "దండలున్నయని తెల్సు. అవ్వ మనసు నొస్తదని గట్టిగ చెప్పలే. కింద వంగి చూడలే. నా షాపు గురించి గొప్పలు చెప్పిన, ఇయ్యాల నా కండ్ల ముందే..."

"అవన్నీ తర్వాత," అన్నాడు ఓంప్రకాశ్. ఆ గొంతులో ఎన్నాళ్లుగానో లేని పదును వచ్చింది. "హరీ, పెడల్ మీదికి రా. జెర లేపు. ఆ... చాలు. పిల్లా, చేతులు దూరం. ఆ పొడుగు కడ్డీ ఇటియ్యి."

కడ్డీ చివరతో దండని మెల్లగా లాగేశాడు. రేకులన్నీ రాలేదాకా గాడి గీకాడు. "ఇప్పుడు దించు. మెల్లగ. ఇంకా మెల్లగ."

టక్.

ఇనుము మీద ఇనుము. గ్యారేజ్ అంతా వినబడింది.

"గిదీ చప్పుడంటే!" అన్నాడు ఓంప్రకాశ్. మీసం కింద నవ్వు. "ఇయ్యాల నా కొడుకు చెయ్యి దక్కింది, నీ షాపు పేరు సుత దక్కింది. తప్పును నాది అని ఒప్పుకున్నవు చూడు, మా యూనిట్ల గంత దమ్ము ఆఫీసర్లకు సుత లేకుండె."

అప్పుడు ఆయన తలెత్తి చూశాడు. ఇంజను ఆయన నడుము ఎత్తున ఉంది. ఆయన వంగలేదు. బండే లేచి వచ్చి నిలబడింది.

లచ్చమ్మ స్టూలు తెచ్చి వెనక పెట్టింది. ఆయన కూర్చున్నాడు. చెయ్యి చాచితే సరిగ్గా ఇంజను మీద పడింది. హరికిషన్ కల్పలత వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టింది.

ఓంప్రకాశ్ చాలాసేపు బండిని తడుముతూ ఉండిపోయాడు. తర్వాత చైన్ పట్టి లాగి చూశాడు.

"చైన్ గింత వదులుగ పెట్టుకున్నవేందిరా? సిగ్గు లేదా? పానా తే!"

తిట్లు తిని హరికిషన్ అంత సంతోషపడ్డ రోజు ఇంకోటి లేదు.

మధ్యాహ్నానికి పక్కింటివాళ్లు, వాళ్ల పక్కింటివాళ్లు గ్యారేజ్ ముందు మూగారు. ఓంప్రకాశ్ నూనె చేతులతో లిఫ్ట్ చూపిస్తూ, లాక్ వేసి, "విన్నరా? మళ్ల ఇనుండ్రి," అని అందరికీ వినిపించాడు. లద్దాఖ్ కథలో బండిని ఈసారి ఒక్క వేలుతో లాగాడు. లచ్చమ్మ కూడా దిద్దలేదు.

"సార్," అంది కల్పలత, "ఆదివారాలు మా షాపుకు వస్తరా? లిఫ్ట్ కొన్నోళ్లకు ఈ చప్పుడు నేర్పనీకి."

"జీతం?"

"చాయ్."

"అల్లం ఏస్తరా?"

"ఏస్తం."

"అయితే ఆలోచిస్త," అన్నాడు, అప్పటికే ఒప్పుకున్న ముఖంతో. వెంటనే ఫోన్ తీసి, రేపు రావాల్సిన మనిషికి చెప్పాడు. "బండి అమ్ముడు లేదు. మాటిచ్చిన, నిజమే. దసరా నాడు మాట తప్పినందుకు మాఫ్ చెయ్యి. నీది ఏదన్న బండి ఉంటే పట్టుకరా, బాగు చేసిస్త."

*

సాయంత్రం జమ్మి పూజ అయ్యాక, కూతుర్ని తీసుకెళ్లడానికి కాంతమణి కూడా వచ్చింది. బండి కిందికి దిగింది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. కాప్రా చెరువులో కొంగలు హాయిగా కాలు మార్చుకున్నాయి.

పోర్చ్‌లో హరికిషన్ కల్పలత చేతిలో జమ్మి ఆకులు పెట్టాడు. దసరా నాడు ఆ ఆకే బంగారం. "బంగారం తీస్కో," అన్నాడు. ఆకులు ఆమె చేతిలో ఉన్నాయి, అతని చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు.

"ఇంకేమన్న చెప్పేదున్నదా?"

"నేల చూపించిన. కప్పు చూపించిన. మా నాయిన కోపం చూపించిన. ఇంక దాచనీకి ఏం మిగల్లే. నువ్వంటే నాకు... ఇష్టం."

"అది పేరు," అంది ఆమె, కళ్లల్లో వాన మెరుపు. "నేను బరువు అడుగుతున్న."

"మీ షాపుల అన్నిట్ల పెద్ద లిఫ్ట్ సుత మోయలేదు."

కల్పలత ఆకులు పిడికిట్లో మూసుకుంది. నవ్వు మాత్రం మూయలేకపోయింది.

"ఏమైందిరా?" గ్యారేజ్‌లోంచి ఓంప్రకాశ్ అరిచాడు. "చెప్పినవా?"

"చెప్పిన నాయినా!"

"నాకు చప్పుడు రాలే!"

లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాంతమణి కూతుర్ని చూసి, "నేల చూసుడైతే అయిపోయింది గదనే. ఇంక తలెత్తు," అంది.

కల్పలత తలెత్తింది. రాణిగంజ్‌లో ఆ రోజు లేచినంత నిటారుగా. నేరుగా గ్యారేజ్‌లోకి నడిచి, ఓంప్రకాశ్ నూనె అరచేతిలో జమ్మి ఆకులు పెట్టి, ఆయన కాళ్లకి దండం పెట్టింది. మొదటి రోజునుంచి ఆయన్ని సార్ అనే పిలిచిన పిల్ల, లేచి నిలబడి మెల్లగా చెప్పింది.

"లాక్ పడ్డది, మామయ్యా."

ఓంప్రకాశ్ ఆకులు గుండె జేబులో పెట్టుకున్నాడు. మీసం దువ్వాడు.

"గిప్పుడు ఇనవడ్డది," అన్నాడు.